మూడో స్తంభానికి సారె

ఆ రోజుల్లో మా ఊళ్లో దారి చెప్పడం చాలా సులువు. ఎవరి ఇల్లు అడిగినా "పాత వంతెన దిగేక" అనో, "కొత్త వంతెన ఎక్కక ముందు" అనో మొదలుపెట్టేవారు. (కొత్త వంతెన నేను పుట్టకముందే కట్టింది. అయినా దానికి కొత్త అన్న పేరు పోలేదు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మా పిన్నిని మా ఇంట్లో ఇప్పటికీ కొత్త కోడలనే అంటారు, ఇదీ అంతే.) శ్రీకాకుళంలో పుట్టినవాళ్లు మనుషుల్ని కూడా ఇటొడ్డువాళ్లు, అటొడ్డువాళ్లు అని రెండు రకాలుగా చూస్తారు. మధ్యలో నాగావళి. మేం ఇటొడ్డువాళ్లం. ఇప్పుడు ఫోన్లోంచి ఎవరో అమ్మాయి దారి చెబుతోంది గనక వంతెనల పేర్లు పిల్లలకి పట్టడం లేదు. వాళ్లకి పట్టినా పట్టకపోయినా, మా పాత వంతెన చరిత్రలో నా చెయ్యి కొంత ఉంది. చెబితే కోప్పడేవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. డిగ్రీ అవగానే ఊళ్లోనే అచ్చయ్యే ఒక చిన్న పేపర్లో చేరాను. నాలుగు పేజీల పేపరు. ఎడిటరు గారు, కంపోజింగ్ చేసే ఆయన, నేను, అంతే సిబ్బంది. ఎడిటరు గారిని ఊరంతా బాబాయ్ అనేవారు. నేను మనసులో ఖాళీ బాబాయ్ అనుకునేదాన్ని, ఎందుకంటే ఆయన రోజులో ఏ వేళ కనిపించినా "అమ్మా, రెండో పేజీ కాళీ" అనేవారు. పాఠకుల ఉత్తరాలు విప్పడం, పుట్టినరోజు శుభాకాంక్షలు దిద్దడం, కరెంటు కోతల ప్రకటన వేయడం నా పనులు. ప్రతి శుక్రవారం కరెంటాఫీసు నుంచి ఒక యువ ఇంజినీరు వచ్చి, ఏ వీధిలో ఎప్పుడు కరెంటు ఉండదో రాసిన కాగితం ఇచ్చి వెళ్లేవాడు. ఫోనులో చెబితే సరిపోయే సంగతి. మొదటి రెండు నెలలూ నాకా అనుమానం రాలేదు. మూడో నెలలో ఒక శుక్రవారం అతను కాగితం నా ముందు పెట్టి, "మీ వీధికి ఈ వారం లేదండి" అన్నాడు. మా వీధి ఏదో నేనతనికి ఎప్పుడూ చెప్పలేదు. (ఆయనే తరవాత మా ఆయన అయ్యారు. ఇంతకు మించిన ప్రేమలేఖ నాకు ఇన్నేళ్లలో రాయలేదు.)

ఇక మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు. పిల్లలు వెనకాల రుజువు మాస్టారు అనేవారు. ఎవరే మాట అన్నా "రుజువేటి?" అని అడగకుండా ముందుకి కదిలేవారు కాదు. ఆయనకున్న ఒకే ఒక వ్యసనం ఊరి వంతెనల చరిత్ర. వంతెన లేనప్పుడు బల్లకట్టు ఎక్కడ కట్టేవారు, నదిలో బావులు దించి పునాదులు ఎలా వేశారు, గానుగ సున్నం ఏ ఒడ్డున ఆడించారు, ఇవన్నీ ముసలివాళ్ల దగ్గర కూర్చుని రాసుకునేవారు. ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకుంటే నల్ల సిరా, ఒప్పుకోకపోతే ఎర్ర సిరా. ఎవరైనా "ఈ వంతెన ఫలానా దొర కట్టేడు మాస్టారూ" అంటే, "ఎవులు సూసేరు? కాయితం ఉన్నాదా?" అనేవారు. నా చిన్నప్పుడు మిగతా పిల్లల్ని వాళ్ల నాన్నలు ఆదివారం సినిమాకి తీసుకెళ్తే, నన్ను మా నాన్న పాత వంతెన మీదికి తీసుకెళ్లి స్తంభాలు లెక్కపెట్టించేవారు. అందువల్ల నాకు వంతెన గురించి చాలా తెలుసని మా బాబాయ్ నమ్మకం. నాకు తెలిసిందల్లా ఆ లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి నడవాలని.

అది వానాకాలం. నాగావళి నిండుగా పారుతోంది. మధ్యాహ్నం భోజనానికి లేవబోతుంటే బాబాయ్ వచ్చారు.

"అమ్మా, రెండో పేజీ కాళీ. నగల షాపోడు ప్రకటన మానీసినాడు. సాయంత్రానికి అరపేజీ ఏదో ఒకటి రాసీ."

"దేని మీద రాయమంటారు బాబాయ్?"

ఆయన కిటికీలోంచి నది వైపు చూశారు. "పాత వంతెన మీద రాసీ. అందరూ దాని మీద నిల్చోని వరద సూస్తన్నారు. మీ నాన్న దగ్గర సరుకున్నాది కదా."

"నాన్న శృంగవరపుకోట పెళ్లికి ఎల్లేరు. నోట్సు పెట్టిలో పెట్టి తాళమేసుకు పోనారు."

"మీ నాన్న దగ్గరున్నది సరిత్ర. మనకి కావలసింది అరపేజీ," అనేసి వెళ్లిపోయారు.

నేను కూర్చుని రాయడం మొదలుపెట్టాను. బల్లకట్టు, గానుగ సున్నం అన్నీ వేసినా పావు పేజీ దాటలేదు. ఆకలేస్తోంది. అప్పుడు నాకో పెళ్లికూతురు తట్టింది. వంతెన కట్టేటప్పుడు మూడో స్తంభం ఎన్నిసార్లు లేపినా ఒరిగిపోయిందట. కట్టించే దొర తల పట్టుకుని ఒడ్డున కూలబడ్డాడట. (దొర లేని వంతెన కథ మా వైపు ఎవరూ నమ్మరు.) అదే వేళకి బల్లకట్టు మీద అత్తవారింటికి పోతున్న ఒక కొత్త పెళ్లికూతురు బల్లకట్టు ఆపించి, తన సారెలోంచి చలిమిడి ముద్ద తీసి ఆ స్తంభానికి పెట్టి, "అన్నా, నేను పుట్టింటికి రానూ పోనూ దారి నిలబెట్టు" అందట. ఇక ఆ స్తంభం కదల్లేదట. ఆనాటి నుంచి వంతెన దాటి కాపురానికి వెళ్లే ప్రతి ఆడపిల్లకీ మూడో స్తంభం తోడబుట్టిన అన్నేనట, దానికి సారె పెట్టకుండా ఏ పెళ్లికూతురూ దాటదట. ప్రతి అబద్ధానికీ చివర ఒక 'ట' తగిలిస్తే అది పెద్దలు చెప్పిన మాటైపోతుందని నేను ఆ మధ్యాహ్నమే కనిపెట్టాను. "ఈ ఆచారం నేటికీ సాగుతోంది" అన్న ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పేజీలో చోటు చాల్లేదు. 'ట' లేకుండానే అచ్చయిపోయింది. కింద నా పేరు వేసుకోవడానికి ధైర్యం చాలక 'నదీ పుత్రిక' అని పెట్టాను.

నాన్న మర్నాడు పొద్దున్న పెళ్లి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఎర్ర పెన్ను పట్టుకుని పేపరు ముందు కూర్చున్నారు. (రోజూ అంతే. మా పేపర్లో తప్పులు దిద్దితేగాని ఆయనకి కాఫీ దిగదు.) రెండో పేజీ దగ్గర పెన్ను ఆగింది. కాఫీ చల్లారింది. "అమ్మలూ, కాయితాలు తే. ఉత్తరం రాయాల" అన్నారు. ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాదు కాబట్టి, ఇంట్లో ఉత్తరాలన్నీ ఆయన చెబితే నేను రాసేదాన్ని. ఆ విధంగా నదీ పుత్రిక మీద మొదటి ఖండన నా గుండ్రటి అక్షరాలతోనే తయారైంది. ఒకటి, మూడో స్తంభమంటే ఏ ఒడ్డు నుంచి మూడోది? రెండు, నదిలో దించిన పునాదికి చలిమిడి పెట్టాలంటే నీళ్లలో మునగాలి, పెళ్లికూతురు మునిగిందా? మూడు, ఇన్నేళ్లుగా రోజూ ఆ వంతెన దాటి బడికి వెళ్తున్న నాకు స్తంభానికి సారె పెట్టిన మనిషి ఒక్కరూ కనపడలేదు, కారణమేమి?

ఆ ఉత్తరాన్ని పొద్దున్న నేనే పోస్టు చేశాను, మర్నాడు ఆఫీసులో నేనే విప్పాను. చించేద్దామనుకునే లోపల బాబాయ్ చూసి, చదివి, నవ్వేశారు. "బాగున్నాది. పేపర్లో ఏసీ. దీనికి నువ్వు జవాబు రాసీ. వారం దినాలు పేజీ కాళీ ఉండదు."

అలా నా జీవితంలో ఒక విచిత్రమైన కాలం మొదలైంది. పొద్దున్న ఇంట్లో నాన్న చెప్పే ఖండన రాసేదాన్ని, మధ్యాహ్నం ఆఫీసులో దానికి మంట పుట్టే జవాబు రాసేదాన్ని. "పుట్టింటి ఒడ్డు నుంచి లెక్క అని ఆడపిల్లలందరికీ తెలుసు. మగవారికి తెలియకపోవడం సహజం" అని నదీ పుత్రిక రాసిన రోజున నాన్న పేపరు పట్టుకుని మూడుసార్లు హాలు చుట్టూ తిరిగారు. తిరిగి తిరిగి, "మాట గట్టిగా ఉన్నాది. తెలివున్న గుంటే ఎవులో గాని, తిన్నగా సెప్పీవోడు లేక ఇలగైపోనాది. మన బడిలో ఏసుంటే మనిసయ్యేది" అన్నారు. (మా వైపు గుంట అంటే ఆడపిల్ల. నేను ఆయన బడిలోనే, ఆయన క్లాసులోనే, ముందు బెంచీలో చదివాను.) "మీ ఆఫీసులో అడుగు, ఈ పుత్రిక ఎవులో" అని అప్పుడప్పుడు అడిగేవారు. "పోస్టులో వస్తాయి నాన్నా" అనేదాన్ని. అమ్మ మాత్రం పప్పు ఏరుకుంటూ, "ఏటో మాస్టారి ఇంట్లో వంతెన పెళ్లి జరుగుతన్నట్టున్నాది" అనేది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ శ్రావణంలో పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఎవరో పెళ్లివారు పాత వంతెన మీద కారు ఆపి చలిమిడి వేశారని తెలిసింది. వారం తిరక్కుండా ఇంకో మూడు కార్లు ఆగాయి. వంతెన దిగువన పూలమ్మే ఆవిడ చిన్న చిన్న బుట్టల్లో చలిమిడి, రెండు అరిసెలు, పసుపు కుంకుమ సర్ది 'అన్న సారె' అని అమ్మడం మొదలుపెట్టింది. మూడో స్తంభం పైనున్న పిట్టగోడకి పసుపు రాసి బొట్లు పెట్టారు. అటొడ్డు నుంచి ఇటు కాపురానికి వచ్చే పిల్లలు వాళ్ల పుట్టింటి వైపు నుంచి లెక్కపెట్టుకోవాలి కాబట్టి, ఆ చివరి మూడో స్తంభానికీ బొట్లు పడ్డాయి. ఒకే వంతెనకి ఇద్దరన్నలు తేలారు. నాన్న పొద్దున్న నడకకి వెళ్లి ఆ బొట్లు చూసి వచ్చి, నోట్సు తీసి ఎర్ర సిరాతో ఏదో రాసుకున్నారు. నాకు లోపల భయమేసింది గాని, నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా ఉంది. రాసిన మాట ఊరు నమ్మడం ఎవరికి చేదు?

చేదు కార్తీకంలో తెలిసింది. కరెంటు ఇంజినీరు ఇంటి నుంచి మా ఇంటికి కబురొచ్చింది. వాళ్లది అటొడ్డు. తండ్రి లేరు. తల్లీ కొడుకూ వచ్చారు. ఆవిడ సూటిగా మాట్లాడే మనిషి, నన్ను ఒకసారి పైనుంచి కింద దాకా చూసి, "పిల్ల బాగున్నాది" అని అక్కడికక్కడే తేల్చేసింది. నాన్నకి అబ్బాయి నచ్చాడు. (కరెంటు ఏ వీధిలో ఎందుకు పోతుందో ప్రతి దానికీ రుజువు చెప్పాడు మరి.) తాంబూలాల పళ్లెం అమ్మ సర్దుతోంది. నేను కాఫీ కప్పులతో గుమ్మం వెనక నిలబడ్డాను. అంత సంతోషం నాకు అంతకు ముందు ఎప్పుడూ లేదు.

"అన్నయ్యా, మాకు ఇచ్చిపుచ్చుకోడాలు ఏటీ లేవు. ఒక్కటే మాట" అంది ఆవిడ. "గుంట కాపరానికొచ్చినపుడు వంతెన మీద అన్నకి సారెట్టి రావాల. మా ఇంటి ఆసారం. మా అత్త ఎట్టింది, నాను ఎట్టినాను."

నాన్న నిటారుగా కూర్చున్నారు. "సెల్లెమ్మా, అది ఆసారం కాదు. మొన్నీమద్దెన పేపర్లో ఎవతో రాసిన కట్టుకత."

"అంటే నాను అబద్దమాడతన్నానేటి?"

"మిమ్మల్నని కాదు."

"అయితే మా అత్త ఆడిందేటి?"

"ఎవులో ఒకలు సెప్పిందానికి రుజువుండాల కదా, సెల్లెమ్మా."

"సచ్చిపోయినోల్ల మాటకి రుజువు అడుగుతారా? లెగరా బాబూ" అని కొడుకు వైపు చూసి ఆవిడ లేచిపోయింది. అతను గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి చూశాడు. ఆ 'ఎవతో' కాఫీ కప్పులు ఎక్కడ పెట్టాలో తెలియక గుమ్మం వెనకే ఉండిపోయింది.

అమ్మ తాంబూలాల పళ్లెం కింద పెట్టి, "ఆ కంబానికి నాలుగు అరిసెలు పడేస్తే మీ సొమ్మేటి పోద్దండీ?" అంది.

"అరిసెలు కాదే పోయేది. తెలిసి తెలిసి అబద్దానికి నాను దండమెట్టాలా?" అన్నారు నాన్న. ఆయన గొంతులో కోపం కన్నా దిగులు ఎక్కువుంది. ముప్పై ఏళ్లు పిల్లలకి నిజం చెప్పండర్రా అని చెప్పిన మనిషి ఆయన.

శుక్రవారం అతను కాగితం తెచ్చాడు. మా వీధి గురించి ఏమీ అనలేదు. "మా అమ్మ ఇప్పుడు దిగదండి. దిగితే మా నాయనమ్మ అబద్ధాలకోరు అయిపోద్దంటన్నాది" అన్నాడు. నేను ఉత్తరాల కట్ట పక్కకి జరిపి, కంపోజింగ్ ఆయనకి వినపడకుండా, ఆ నదీ పుత్రికని నేనేనని చెప్పేశాను. అతను కరెంటు కోతల కాగితం మడిచి మళ్లీ విప్పాడు.

"కథంతా మీరే అల్లేరా?"

"మొత్తం నేనే."

"మరి మా అమ్మ ఎట్టినానందే." ఆలోచించాడు. "మా అమ్మ పుట్టిల్లు మా ఈది సివరే అండీ. పెల్లయినాక వంతెన దాటిందేటి, మా ఈదే దాటలేదు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. బాబాయ్ గదిలోంచి తొంగిచూసి, "ఏటా నవ్వు? రెండో పేజీ నిండిందేటి?" అన్నారు. నవ్వు ఆగాక విషయం ఎంత ముదిరిందో తెలిసింది. నిజం అచ్చేస్తే ఆవిడ రెండొడ్డుల ముందూ అబద్ధాలకోరు అవుతుంది, ఇక నన్ను గుమ్మం తొక్కనివ్వదు. అచ్చెయ్యకపోతే నాన్న దిగరు. "ముందు మీ నాన్నగారికి సెప్పీండి. లైను ఎక్కడ తెగిందో తెలిస్తే కదండీ అతకగలం" అన్నాడు అతను.

ఆదివారం పొద్దున్న నాన్న కాగితాలు తెమ్మన్నారు. నేను పెన్ను పట్టుకుని కింద కూర్చున్నాను. "రాయి. అయ్యా, మీ పత్రికలో వచ్చిన కట్టుకథ వల్ల..." అని ఆగిపోయారు. వల్ల ఏం జరిగిందో ఆయన నోటితో చెప్పలేకపోతున్నారు. నేను రాయడం మానేసి, తల ఎత్తకుండా, "నాన్నా, ఆ పుత్రికని నేనే" అన్నాను.

"నువ్వేటి?"

"మొదటిదీ, జవాబులూ, అన్నీ నేనే."

"మగవారికి తెలియకపోవడం సహజమన్నదీ?"

"అదీ."

నాన్న ఎర్ర పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. "ముందు బెంచీలో కూకునేదానివి కదే" అన్నారు. తిట్టినా బాగుండేది. నేను ఏడుపు ఆపుకుంటూ, రేపు తప్పయిపోయిందని నా పేరుతోనే అచ్చేయిస్తానన్నాను. ఆయన కాగితాలు పక్కకి జరిపి, "ఆ సెల్లెమ్మ ఎట్టినానని నలుగురి ముందు సెప్పింది. నువ్వు ఇది అచ్చేస్తే ఆవిడ మొకం ఏటవ్వాల?" అన్నారు. మళ్లీ, "అచ్చెయ్యొద్దు" అన్నారు. నెలల తరబడి ఆయన వెతికిన రుజువు ఎదురుగా జడేసుకుని కూర్చుంది. దాన్ని ఎవరికీ చూపించడానికి లేదు. ఆయన ఎంత నలిగిపోయి ఉంటారో ఆ వయసులో నాకు పూర్తిగా అర్థం కాలేదు. నా బాధ నాకు చాలినంత ఉంది.

రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నేను అన్నం కలిపి చెయ్యి కడిగేసేదాన్ని. పాత కరెంటు కాగితాలు తీసి మళ్లీ మళ్లీ చదువుకునేదాన్ని. (ఎక్కడెక్కడ ఎన్ని గంటలకి కరెంటు పోయిందో చదివి ఏడ్చిన ఆడపిల్ల జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.) మూడో రోజు మధ్యాహ్నం నాన్న గొడుగు తీసుకుని బయటికి వెళ్లారు. "వంతెన వేపు ఎల్లేరు" అని అమ్మ వచ్చి చెప్పింది. సాయంత్రం తిరిగి వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటూ, "రేపు తాంబూలాలకి వస్తారు. పువ్వులు తెప్పించు" అన్నారు అమ్మతో. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

మాఘంలో పెళ్లయింది. అప్పగింతలయ్యాక మా కారు పాత వంతెన ఎక్కింది. నాన్న ముందు సీట్లో కూర్చుని పైకే లెక్కపెట్టారు. "ఒకటి. రెండు. ఇక్కడాపు." వెనకాల ఒక బస్సు, రెండు లారీలు, లెక్కలేనన్ని సైకిళ్లు ఆగి హారన్లు, బెల్లులు మోగిస్తున్నాయి. మామూలుగా ఆడవాళ్లు చేసే పని, కానీ నాన్న నేనే పెడతానన్నారు. ఆకులో చలిమిడి పట్టుకుని పిట్టగోడ మీదికి వంగారు. పెదాలు కదిలాయి, ఏమన్నారో నాకు వినపడలేదు. ఆకు తిరుగుతూ కిందికి దిగి నీళ్లలో పడింది. ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగి, "పునాది గట్టిదేలే. గానుగ సున్నం" అన్నారు.

మూడేళ్ల తరవాత ఒక మధ్యాహ్నం మా అత్త, నేను చింతపండు గింజలు తీస్తున్నాం. ఉన్నట్టుండి ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. "ఒలే, నీకెప్పుడూ సెప్పలేదు. మీ నాన్న ఆ దినం గొడుగట్టుకొచ్చి గుమ్మంలో నిల్చోని, 'సెల్లెమ్మా, తప్పు నాదే, రుజువు దొరికింది' అన్నాడు. నా గుండె జారిపోనాది. లేందానికి రుజువు ఏలగ దొరికిందో అని వారం దినాలు నాకు నిద్దర్లేదు. ఏ కాయితమో తెచ్చి నా మొకాన పెడతాడనుకున్నాను."

నేను చింతపండు వదిలేసి, "మరి పెట్టానని ఎందుకన్నారు అత్తా?" అని అడిగాను.

"పేపర్లో సదివినాను. ఎంత మంచి ఆసారం, మా ఇంటికి లేకపోయిందేటని బాదేసింది. ఎట్టీసుకున్నాను."

నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి పుట్టింది. అది రాసింది నేనేనని కూడా చెప్పేశాను. ఆవిడ ఒక గింజ తీసి గిన్నెలో వేసి, "ఎవులు రాస్తే ఏటిలే, బాగా రాసినారు" అంది.

ఆ వారం పుట్టింటికి వెళ్లినప్పుడు నాన్న పేపరు దిద్దుతున్నారు. పక్కన కూర్చుని, "మా అత్తకి ఏం రుజువు దొరికిందని చెప్పారు నాన్నా?" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. "ఆవిడ అడగలేదు." "అడిగుంటే?" నాన్న ఒక దీర్ఘం సరిచేసి, ఇంకో లైనుకి వెళ్లి, అక్కడ ఆగారు.

"ఆ రెండు దినాలూ నీ మొకం సూసినాను కదే. అంతకన్నా ఏటి రుజువు కావాల" అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. అమ్మ అడిగితే ఉల్లిపాయలన్నాను, ఆ రోజు మా ఇంట్లో ఉల్లిపాయలు కొయ్యలేదు.

ఇప్పుడు నాకు అప్పటి నాన్న వయసొచ్చింది. నాన్న లేరు. ఆ పేపరూ లేదు, బాబాయ్ ఖాళీలన్నీ ఖాళీగానే మిగిలిపోయాయి. పెళ్లిళ్ల రోజుల్లో ఏదో పనుండి స్కూటీ మీద పాత వంతెన ఎక్కితే ముందెక్కడో పెళ్లికారు ఆగి ఉంటుంది. మండే ఎండ, ఇటూ అటూ హారన్లు. ముందున్న ఆటో అతను వెనక్కి తిరిగి, "సూడండి మేడం, నడి వంతెన మీద బండాపీసి ఏటీ పని" అంటాడు. "అదే కదా, ఎవరు పెట్టారో ఈ ఆచారం" అని నేనూ విసుక్కుంటాను. వెనక సీటు మీద మా ఆయన దగ్గుతారు. ఆ దగ్గు విననట్టు ఊరుకోవడం నాకు అలవాటైపోయింది. ఇరవై మూడేళ్ల ఆ పిల్ల ఆకలికి తాళలేక అల్లిన అరపేజీ వల్ల ఇంతమంది ఎండలో నిలబడ్డారు కదా అని సిగ్గూ వస్తుంది, నవ్వూ వస్తుంది. ఏ పెళ్లికూతురి తండ్రైనా తనే పిట్టగోడ మీదికి వంగి, ఎవరికీ వినపడకుండా పెదాలు కదుపుతుంటే మాత్రం నేను స్కూటీ ఇంజను ఆపేస్తాను.